చింతదూలం గిటారు

నా గిటారు చూస్తే అమ్మాయిలు పడిపోతారని మా బాండులో మార్సెల్ ఒట్టేసి చెప్పాడు. తీరా చూస్తే పడింది గిటారే. బ్రిజే వెర్దియేర్ అనే ఊరు వెళ్ళే బస్సు మలుపు తిరిగినప్పుడు నా చేతిలోంచి జారి, ఎదురుసీటులో కూర్చున్న అమ్మాయి కాలి బొటనవేలి మీద పడింది.

ఆ అమ్మాయి అరవలేదు. పెదవి కొరుక్కుని, ఒళ్ళో ఉన్న గుడ్డమూటని గట్టిగా పట్టుకుని, ముందు గిటారున్న నా గోనెసంచి వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఇద్దరిలో ఎవరిని ముందు బస్సు దింపాలా అని ఆలోచిస్తున్నట్టుంది.

“సారీ అండీ... పార్దోన్...” అన్నాను. కంగారు పుడితే నాకు అన్ని భాషలూ ఒకేసారి వస్తాయి, ఒక్కటీ పూర్తిగా రాదు.

“ఏటుంది ఇందులో? పంచదార మిల్లు మిషనా?”

“గిటారండీ. బాస్ గిటారు.”

“గిటారు ఇంత బరువుంటుందా?”

“మామూలుది ఉండదు. ఇది స్పెషల్,” అన్నాను గర్వంగా. ఆ గర్వం గురించి కొంచెం చెప్పాలి.

అది పందొమ్మిది వందల అరవై ఏడు. మా చెరుకు దీవికి ఇంగ్లీషువాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వస్తుందని పెద్దవాళ్ళు, మా బాండుకి పేరొస్తుందని మేము ఎదురుచూస్తున్న రోజులు. వారమంతా నేను రివియేర్ దు రాంపార్‌లో ఒక ఆఫీసు గుమాస్తాని. శని ఆదివారాలు మాత్రం పెళ్ళిళ్ళలో, డాన్సు పార్టీల్లో బాస్ వాయించే కళాకారుణ్ణి. బాండు పేరు ఫ్రెంచిలో ‘ఐదు తుఫానులు’. ఉన్నది నలుగురం. ఐదో తుఫాను మార్సెల్ గారి పాత ఆంప్లిఫయరు.

బాస్ గిటారు దొరక్క వడ్రంగి గోపాలు చేత చేయించుకున్నాను. బరువెంత ఉంటే మోత అంత లోతుగా ఉంటుందని ఎవరో అన్నారు. ఆ మాట నేను దైవవాక్కులా పట్టుకున్నాను. గోపాలు తన దొడ్లో ఉన్న చింతదూలం చూపించి, “పెద్ద తుఫానుకి ఇల్లంతా ఎగిరిపోయింది. ఇదొక్కటే కదల్లేదు,” అన్నాడు. అదే కావాలన్నాను. తుఫానుకే కదలనిదాన్ని మెడలో వేసుకుని నేనెలా కదులుతానన్న ఆలోచన ఆ పూట నాకు రాలేదు.

“స్పెషల్ అయితే ఒళ్ళో పెట్టుకోండి,” అంది ఆ అమ్మాయి. “బస్సులో అందరికీ కాళ్ళున్నాయి. నేను మద్దెల పెట్టుకోలేదా?”

మూటలో ఉన్నది మద్దెల. వాళ్ళ నాన్నగారిది, కొత్త తోలు వేయించి తీసుకెళుతోంది. ఆడపిల్ల మద్దెల మోస్తుంటే మగాణ్ణి గిటారు మోయలేనా? ఒళ్ళో పెట్టుకున్నాను.

బయట వాన మొదలైంది. చెరుకుతోటల మీద నుంచి జల్లు కొట్టి కిటికీలోంచి ఆమె బుగ్గ మీద పడుతోంది. తుడుచుకుందామంటే ఆమె మద్దెలని వదలదు. చూపు తిప్పుకుందామంటే నా కళ్ళు ఆమెని వదలవు. ఈలోగా నా తొడలు మొద్దుబారాయి. తర్వాత మోకాళ్ళు. ఆ తర్వాత నడుము కింద నాకేమైనా ఉందన్న నమ్మకమే పోయింది.

స్టాపు వచ్చింది. లేచాను, అంటే లేవాలనుకున్నాను. గిటారుతో సహా ముందుకి వాలి బస్సు మెట్ల మీద బోర్లాపడ్డాను. ఒక రెక్క కండక్టరు పట్టుకున్నాడు, ఒక రెక్క ఆమె పట్టుకుంది. ఏ రెక్క ఎవరు పట్టుకున్నారో ఈ రోజుకీ చెప్పగలను.

“పేరేంటండీ మీది?” అన్నాను బురదలో కూర్చుని.

“ముత్యాలమ్మ. ముందు లేవండి, పేరు తర్వాత.”

ఆ సాయంత్రం మేము వాయించిన పెళ్ళి వాళ్ళ పక్కింట్లోనే. బొటనవేలికి పసుపు గుడ్డ కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. నేను ప్రాణం పెట్టి వాయించాను. పాటకీ పాటకీ మధ్య దగ్గరికొచ్చింది.

“గిటారుని మోకాళ్ళ దగ్గరికి ఎందుకు వేలాడదీశారు? కుక్కపిల్లని షికారు తిప్పుతున్నట్టు.”

“అది స్టైలండీ. ఇంగ్లండు మ్యాగజైన్లో అందరూ ఇలాగే వేసుకుంటారు.”

“వాళ్ళవి కూడా దూలాలేనా?”

కాదని ఊపడానికి ఎడమ చెయ్యి వదిలాను. వదిలీ వదలగానే గిటారు మెడ కిందికి వాలిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను.

“మీ ఎడమ చెయ్యి వాయించడానికా, అది పడిపోకుండా కాపలాకా?” అంది.

నిజం చెప్పాలంటే కాపలాకే. సగం స్వరాలు అందుకే తప్పేవి. పైగా పట్టీ బదులు కట్టుకున్నది ఒక పాత తోలు బెల్టు. వేలెడు వెడల్పుంటుంది. అది ఎడమ భుజంలోకి కత్తిలా దిగుతుంటే నేను మొహం ముడుచుకునేవాణ్ణి. నేను సంగీతంలో మునిగిపోయానని జనం అనుకునేవాళ్ళు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

తర్వాత ప్రతి శనివారం అదే బస్సు. ముత్యాలమ్మ ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు, కర్టెన్లు కుట్టేది. శనివారాలు అవి ఇచ్చి రావడానికి వెళ్ళేది. నాకు ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళు లేకపోయినా పని ఉండేది. వాన పడితే మేమిద్దరం ఒకే కిటికీ వైపు జరిగేవాళ్ళం. వాన పడకపోతే నాకు విసుగ్గా ఉండేది.

“ఈ వారం ఎక్కడ పెళ్ళి?” అని అడిగేది.

“ఉంది ఒకచోట.”

“గిటారు లేకుండానా?”

ఆ పిల్ల లేకపోతే చచ్చిపోతానని నేను అనను. కానీ ఆ పక్క సీటులో ఇంకెవరైనా కూర్చుంటారన్న ఆలోచన వస్తే మాత్రం నాకు అన్నం సహించేది కాదు. అంతవరకూ వచ్చింది వ్యవహారం.

ఇక ఇంట్లో చెప్పేద్దామని ఒక ఆదివారం నానమ్మ దగ్గర తలంటుకి కూర్చున్నాను. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది నానమ్మ పోలమ్మే. నూనె రాస్తున్న చెయ్యి ఎడమ భుజం దగ్గర ఆగిపోయింది.

“ఒరే ఎంకన్నా, ఈ బుజమేటిరా ఇలాగ ఒరిగిపోయింది?”

“గిటారు, నానమ్మా.”

 వెనక్కి తిరిగి చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది.

“ఈ బుజం నాకు తెలుసురా. మీ తాతది ఇదే బుజం. మీ నాన్నదీ ఇదే. ఎస్టేటులో చెరుకు మోపులు మోసి మోసి ఎడంపక్కకి ఒరిగిపోయినోళ్ళు. నువ్వొక్కడివీ మొయ్యకూడదని కదా నిన్ను కాలేజీకి పంపించాను.”

 మా వంశంలో బరువు మొయ్యక్కర్లేని మొదటి భుజం నాది. దాన్ని నేను మ్యాగజైన్లో బొమ్మ చూసి వంచుకున్నాను. సిగ్గుతో తల దించుకుంటే ఆ తల కూడా ఎడమపక్కకే వాలింది.

కానీ పిల్ల సంగతి చెప్పగానే నానమ్మ కళ్ళు తుడుచుకుంది. తెలుగోళ్ళ పిల్లా, ఎవరి కూతురు, అని అడిగింది. భజన సన్యాసి గారి కూతురంటే చేతులు జోడించింది. పేరు సన్యాసి అయినా ఆయనకి ముగ్గురు కూతుళ్ళు. ఊళ్ళో రామభజన నడిపించేదీ, సాయంత్రాలు పిల్లలకి తెలుగు చెప్పేదీ ఆయనే. ఆయన గుమ్మం లోపల ఇక్కడి వీధిభాష క్రెయోల్ మాట్లాడితే మంచినీళ్ళు కూడా ఇవ్వరని ప్రతీతి.

పిల్లనడగడానికి వాళ్ళింటికి వెళ్ళే ముందు బస్సులో ముత్యం నన్ను హెచ్చరించింది.

“నాన్న దగ్గర బాండు మాట ఎత్తకండి. బాండోళ్ళు తాగుతారు, తిరుగుతారు, తాళం తప్పుతారు అంటారు.”

“నేను తాగను.”

“మిగతా రెండూ చేస్తారు కదా.”

నానమ్మా నేనూ వెళ్ళాం. సన్యాసి గారు వరండాలో మద్దెల పక్కన కూర్చుని నన్ను గుమ్మం దగ్గర్నుంచే చూశారు. మొహం కాదు, భుజం చూశారు. నానమ్మ నా ఉద్యోగం, చదువు చెబుతూనే ఉంది. ఆయన వినడం లేదు.

“అబ్బాయ్, ఆఫీసులో పనన్నారు. ఈ బుజం ఆఫీసు బుజం కాదే. చెరుకు మోత్తావేటి?”

ఒక పక్క బాండు, ఒక పక్క చెరుకు. తలుపు సందులోంచి ముత్యం కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. నాకు ఆ క్షణంలో తట్టిన తెలివి ఇంతే.

“అవునండీ. మోస్తాను.”

నానమ్మ నోరు తెరిచింది. నేను ఆమె కాలు తొక్కాను. ఆడవాళ్ళ కాళ్ళతో నాకు మొదట్నుంచీ ఇదే వరస.

“ఆఫీసు అయ్యాక సాయంత్రాలు మోస్తానండీ. ఒళ్ళు వంచాలని.”

సన్యాసి గారి మొహం వికసించింది. “మా నాన్న కూడా మోసినోడే. మంచిది. శనివారం మా పొలం చెక్కలో కోత. లారీకి ఎక్కించాలి. వచ్చెయ్.”

వెళ్ళాను. ఆ చెరుకు మోపు చూశాక నా గిటారు మీద నాకు గౌరవం పోయింది. మొదటి మోపు ఎత్తుకుని రెండడుగులు వేశాను. మూడో అడుగు మోపే వేసింది, నా మీదుగా. ఆకుల కింద నుంచి చూస్తే ముత్యం కొంగు నోట్లో కుక్కుకుని వణికిపోతోంది. లారీ డ్రైవరు అయితే నవ్వు దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

సన్యాసి గారు వచ్చి మోపు పక్కకి తీసి, నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, చొక్కా కాలరు పక్కకి లాగి చూశారు.

“చెరుకు మోసినోడికి బుజం మీద కాయ కాత్తాది. నీకు కాయ లేదు, గాటు ఉంది. పట్టీ గాటు.” తన చొక్కా గుండీ విప్పారు. మెడ పక్కన అచ్చం అలాంటి గాటే, పాతబడి నల్లగా ఉంది. “మద్దెలది. చిన్నప్పట్నుంచీ ఉంది. ఇప్పుడు చెప్పు, ఏటి వాయిత్తావు?”

“బాస్ గిటారండీ. బాండులో.”

“వరండాలోనే తెలుసు నాకు. అబద్ధం ఎందుకు ఆడావు?”

“బాండువాడికి పిల్లనివ్వరని.”

“చెరుకు మోసేవోడికి ఇత్తాననుకున్నావా?”

“మీ నాన్నగారు మోశారుగా. ఇస్తారేమో అనిపించింది.”

ఆయన గుండీ పెట్టుకుని చెరుకు వైపు తిరిగారు. నాకు ముత్యం వైపు చూడాలంటే భయం వేసింది. ఆ గట్టు మీదే అంతా అయిపోయిందనుకున్నాను.

“స్వాతంత్ర్యం వచ్చే రోజున భజన పెడతాను,” అన్నారు చివరికి. “పొద్దున్న దీపం వెలిగిత్తాం. రాజధాని పోర్ట్ లూయీలో జెండా ఎగిరిందని రేడియో చెప్పాక హారతి. మధ్యలో వాయిద్యం నేలకి దించకూడదు. అది మా ఆచారం. నీ వాయిద్యం మెడలో వేసుకుని దీపం చుట్టూ తిరుగు. దించావా, మళ్ళీ ఈ ఊరు బస్సు ఎక్కకు.”

ఈ సంగతి చెబితే మార్సెల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “దీపం చుట్టూ ఆంప్లిఫయరు వైరు ఎలా తిప్పుతావురా? కరెంటు లేకపోతే నీ గిటారు చప్పుడు దోమకి కూడా వినపడదు.”

నిజమే. కరెంటు లేని చోట నేను వాయిద్యం మోయను, ఉత్త దూలం మోస్తాను.

మరుసటి ఏడు మార్చి పన్నెండు, స్వాతంత్ర్యం రోజు పొద్దున్నే నానమ్మతో వాళ్ళింటికి వెళ్ళాను. పెరటి గుమ్మంలో ముత్యం ఎదురొచ్చి చేతిలో ఏదో పెట్టింది. పట్టీ. పంచదార గోనెని జానెడు వెడల్పున మడిచి, లోపల దూది కూరి, పైన ఎర్ర గుడ్డ వేసి, భుజానికి తగిలే వైపు మాత్రం గోనెనే వదిలేసింది.

“ఆ వైపు గుడ్డ వెయ్యడం మర్చిపోయావు,” అన్నాను.

“మర్చిపోలేదు. గోనె గరుకు. చొక్కాని పట్టుకుంటుంది. గిటారు మెడ కిందికి వాలదు.” మాట్లాడుతూనే బెల్టు విప్పి పారేసి పట్టీ కట్టింది. గిటారు నా గుండెల దాకా వచ్చింది.

“ఇంత పైకా? మ్యాగజైన్లో...”

“మ్యాగజైన్లో వాళ్ళు ఫోటో దిగి ఇంటికి పోతారు. మీరు మధ్యాహ్నం దాకా మొయ్యాలి.”

ఎడమ చెయ్యి వదిలి చూశాను. గిటారు వాలలేదు. భుజంలో కత్తి లేదు, మెత్తటి చెయ్యి వేసినట్టుంది. ఆ మాట పైకి అనేశాను. ముత్యం చెంపలు ఎర్రబడ్డాయి.

“ఓడిపోతే నాన్న మాట మార్చరు,” అంది మెల్లగా. “దించకండి.”

దీపం వెలిగింది. సన్యాసి గారు మద్దెల మెడలో వేసుకుని ముందు నడిచారు. వెనక తాళాలవాళ్ళు, వాళ్ళ మధ్యలో నేను. రాముడి పేరు అందుకుని అడుగు వేస్తూ దీపం చుట్టూ తిరుగుతుంటే, ఎవరికీ వినపడని నా బాస్ నా పక్కటెముకలకి మాత్రం వినపడింది. సన్యాసి గారి ఎడంచేతి దెబ్బ ఎక్కడ పడుతుందో నా వేలూ అక్కడే పడుతోంది. బాండులో ఇన్నాళ్ళూ తప్పిన తాళం ఇక్కడ ఒక్కసారీ తప్పలేదు. నాకు ఆశ్చర్యం వేసింది, గర్వం కూడా కలిగింది. గర్వం కలిగినప్పుడల్లా నాకేదో ఒకటి జరుగుతుంది.

ఎండ నడినెత్తికి వస్తుండగా ఆయన మద్దెల పట్టీ పుటుక్కున తెగింది. పాత తోలు. మద్దెల జారింది. వెనకున్న నేను మోకాలు అడ్డం పెట్టాను. మద్దెల నేలకి తగలలేదు. నా మోకాలికి తగిలిన దెబ్బ మాత్రం రివియేర్ దు రాంపార్ దాకా వినపడి ఉంటుంది.

భజన ఆగలేదు. ఆపకూడదు. సన్యాసి గారు మద్దెలని పొట్టకి అదుముకుని నిలబడ్డారు. పట్టుకుంటే వాయించలేరు, వాయిస్తే పట్టుకోలేరు. అరవై ఏళ్ళ మనిషి. ఆయన కళ్ళలో భయం నేను అప్పుడే చూశాను. జనమంతా పాడుతూనే ఆయన వంక చూస్తున్నారు.

“ముత్యం,” అన్నాను. “నా పట్టీ విప్పి ఆయనకి కట్టు.”

“మరి మీరు?”

“కట్టు.”

కట్టింది. గోనె పట్టీ మీద మద్దెల కూర్చుంది, ఆయన చేతులు మళ్ళీ ఆడాయి. నా చింతదూలం నా చేతుల్లోకి వచ్చి పడింది. చేతులతో ఎంతసేపు? ఎత్తి ఎడమ భుజం మీద పెట్టుకున్నాను, అచ్చం చెరుకు మోపులా. ఎముకకి చెక్క ఒరుసుకుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఇక దించేస్తాననుకున్నాను.

అప్పుడు జనంలోంచి నానమ్మ వచ్చింది. తల మీది కొంగు లాగి, మెలిపెట్టి, చుట్టలా చుట్టి, గిటారు కింద నా భుజం మీద దూర్చింది.

“మీ తాతకి ఇలాగే పెట్టేదాన్ని,” అంది నాతోపాటు నడుస్తూ. “మెడ నిలబెట్టరా. చూపు కిందికి కాదు, ముందుకి.”

కొంగు అందేలా నడుస్తూ ఆమె, గిటారు మోస్తూ నేను, ఒకే చీరకి కట్టేసినట్టు ఇద్దరం దీపం చుట్టూ తిరిగాం. ఏ మ్యాగజైన్లోనూ ఇలాంటి స్టైలు రాలేదు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

వరండాలో రేడియో గరగరలాడింది. జెండా ఎగిరింది. ఊళ్ళో టపాకాయలు, కేకలు. సన్యాసి గారు హారతి ఇచ్చారు. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చి, తన చేతులతో నా భుజం మీది గిటారు దింపుకున్నారు. బరువుకి ఆయన నడుము వంగింది.

“ఏటబ్బాయ్ ఇది? ఎవరింటి గుమ్మం ఊడపీకి తీగలు కట్టావు?”

“దూలమండీ, గురువుగారూ.”

“గురువుగారు కాదు. మావయ్యా అను.” నా భుజం మీద చెయ్యి వేశారు, నొప్పి లేని భుజం మీద. “చెరుకు మోత్తానన్నావు. మోశావు. పోనీ, అబద్ధం కాదులే.”

పట్టీ మాత్రం తిరిగి ఇవ్వలేదు. మద్దెలకి బాగా కుదిరిందన్నారు. ముత్యం నాకోసం ఇంకొకటి కుట్టింది. గోపాలు నా గిటారు వెనక చెక్క సగం తోడేశాడు. మోత ఏమీ తగ్గలేదు. బరువుకీ లోతుకీ సంబంధం లేదని అలా తెలిసింది.

పెళ్ళి ఫోటో మా హాల్లో ఉంది. తాళి కట్టాక తీసింది. ముత్యం నా ఎడమపక్కన కూర్చుని ఉంది. నా ఎడమ భుజం ఆమె వైపు బాగా ఒరిగి ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళంతా చూసి, పెళ్ళికొడుకుకి ఎంత ప్రేమో, పెళ్ళాం మీదికి ఎలా వాలిపోతున్నాడో అంటారు.

ముత్యం నా వంక చూస్తుంది. ఆ భుజం గిటారు వల్ల వంగిందని ఆమెకి తెలుసు. నానమ్మకి తెలుసు, మావయ్యకి తెలుసు.

“అవునండీ,” అంటుంది వాళ్ళతో, కాఫీ అందిస్తూ. “మొదట్నుంచీ అంతే. నన్ను చూసిన రోజే కాళ్ళ మీద నిలబడలేకపోయారు.”